ఆయిల్ ఫిల్టరు మీద బొట్టు

నలుగురికీ ఆశీర్వచనం చెప్పి బతికేవాడిని నేను. అలాంటివాడిని, దాదాపు రెండేళ్లపాటు ఒక మనిషి ముఖం మాడిపోవడం కళ్లారా చూడాలని ప్రతి పూజలోనూ కోరుకున్నాను. సంకల్పం బండి కొన్నవాళ్ల పేరున చెప్పేవాడిని. మనసులో మాత్రం ఇంకో పేరు మెదిలేది. ఈ సంగతి మా ఆవిడకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడుతున్నానా అంటే, పూర్తిగా పడటం లేదు.

తాడేపల్లిగూడెంలో ట్రాక్టర్ల షోరూము ఒకటుంది. కొత్త బండి డెలివరీ ఉన్నప్పుడల్లా పూజకు నన్నే పిలిచేవారు. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టుకు పూలదండ, గుమ్మడికాయతో దిష్టి, చివర కొబ్బరికాయ. కొన్నవాళ్లను ఇంటిల్లిపాదినీ చెప్పులు విప్పించి బండి ముందు నిలబెట్టేవాడిని. ఆ విషయంలో నేను మహా పట్టుదల మనిషిని. కుంకుమ అయితే మొదటి గతుక్కే రాలిపోతుందని, సిందూరం నువ్వుల నూనెలో కలిపి బొట్లు పెట్టేవాడిని. ఎవరూ తుడవకపోతే అది నెలల తరబడి ఉంటుంది.

మా తమ్ముడికి మంత్రాలు అబ్బలేదు, వ్యవసాయం అబ్బింది. కాలవ పక్కన మాకున్న నాలుగెకరాలూ వాడే చూస్తాడు. మా చేలో పనికీ, మిగిలిన రోజుల్లో బాడుగకూ పనికొస్తుందని అప్పుచేసి అదే షోరూములో ట్రాక్టరు కొన్నాం. మా బండికి పూజ నేనే చేశాను. అన్ని చోట్లా బొట్లు పెట్టాక తమ్ముడు ఇంజను పక్కనున్న గుండ్రటి డబ్బా చూపించాడు.

"ఇది ఆయిల్ ఫిల్టరు అన్నయ్యా. మనం కాఫీ వడపోసే గుడ్డలాంటిది. ఇది బాగుంటే ఇంజను బాగుంటుంది. దీనికీ ఓ బొట్టు పెట్టు," అన్నాడు.

పెట్టాను. నా ఉంగరపు వేలి కొసన పాత గాటు ఒకటుంది, కొబ్బరికాయ కొడుతుంటే తెగింది. అందుకే నేను పెట్టే బొట్టుకు మధ్యలో సన్నటి గీత పడుతుంది. మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా దాన్ని గుర్తుపడతారు.

మొదటి సర్వీసూ, రెండో సర్వీసూ షోరూములోనే చేయించాం. ఆయిలు, ఫిల్టర్లు, లేబరు అంటూ వరసగా అచ్చేసిన బిల్లులు ఇచ్చారు. మేం వాటిని దేవుడి పటం వెనక దాచాం, అంత నమ్మకం. ఆ ఏడు రెండో పంట దాళ్వాకు చేను దమ్ము చేసే రోజుల్లో, కాలవ నీళ్లకు మా వంతు వచ్చిన రెండో రోజున, చేలో నీళ్ల మధ్య ఇంజను టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. ఇంకో బండి పెట్టి లాగించి ఒడ్డుకు తెచ్చాం.

షోరూములో సర్వీసు మేనేజరు అని ఒకాయన ఉండేవాడు. తెల్లచొక్కా, నుదుట విభూతి, వెన్నలాంటి మాట. లోపల బేరింగులు అరిగిపోయాయనీ, అది ఓనరు నిర్లక్ష్యం కిందికి వస్తుందనీ, వారంటీ వర్తించదనీ నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించి మరీ చెప్పాడు. అసలు ఫిల్టరు మార్చారా అని అడిగాను. ఆయన నవ్వాడు.

"పంతులుగారూ, మీ మంత్రాల్లో మేం వేలు పెట్టం కదండీ. ఇంజన్లు మాకు వదిలేయండి. టీ చల్లారిపోతోందండీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ ఫిల్టరు విప్పి చూపించమన్నాను. మా బండికి సర్వీసు చేసిన మెకానిక్కు, ముప్పై ఏళ్ల మనిషి, తల దించుకుని వెళ్లి విప్పి తెచ్చి గాజు బల్ల మీద పెట్టాడు. డబ్బా కడిగిన గిన్నెలా మెరుస్తోంది. మధ్యలో మాత్రం నా బొట్టు. బొట్టు నడుమ నా వేలి గాటు గీత. కొత్తదని బిల్లు వేసింది ఈ పాతదానికే.

దొంగతనం చేసినవాడికి కూడా ఇంత ఒళ్లు బద్ధకమా అనుకున్నాను. డబ్బా అంతా కడిగిన చేతికి ఆ కాస్త బొట్టు తుడవడం భారమైందా అని. మేనేజరు మాత్రం కన్ను ఆర్పలేదు. దసరాకు అందరూ బండికి బొట్లు పెడతారు కదండీ, కొత్త ఫిల్టరుకే మీరు మళ్లీ పెట్టి ఉంటారు, మర్చిపోయి ఉంటారండీ అన్నాడు. దసరా నాటికి మా బండి ఇంకా కొననే లేదు. ఆ మాట అంటే, అయితే ఇంకేదో పండగకు పెట్టి ఉంటారన్నాడు. మెకానిక్కు చేతిగుడ్డ భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఇంజను బాగు చేయించడానికి మళ్లీ అప్పు చేశాం. అది చేతికొచ్చేసరికి నీళ్ల వంతు దాటిపోయి ఆ దాళ్వాకు రెండెకరాలు బీడు పడ్డాయి. అప్పు తీర్చడానికి నా తమ్ముడు కొల్లేటికోట వైపు చేపల చెరువు గట్లు వేసే చోట పరాయి బండి మీద కూలికి డ్రైవరుగా వెళ్లాడు. వారానికోసారి ఇంటికొచ్చి, తిని పడుకునేవాడు. వాడిని అలా చూసినప్పుడల్లా నాకు ఆ టీ గ్లాసు గుర్తొచ్చేది.

ఇకమీదట సర్వీసు మేమే చేసుకుందామన్నాను. ఏలూరులో స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్లి ఆయిలూ ఫిల్టర్లూ కొంటే షోరూము బిల్లులో సగం కూడా కాలేదు. సగం డబ్బు మిగిలిందని బస్సులో వస్తూ మురిసిపోయాను. ఆ మురిపెం మర్నాడే తీరింది. పాత ఫిల్టరు చేతికి తిరగలేదు, స్క్రూడ్రైవరు గుచ్చి తిప్పితే డబ్బా చిరిగింది. కాలుతున్న ఆయిలు మోచేతి దాకా కారింది. పాత రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుని ఉండిపోయిన సంగతి చూసుకోక దాని మీదే కొత్త ఫిల్టరు బిగించాం. స్టార్టు చేయగానే పోసిన ఆయిలంతా పశువుల పాక గోడకు కొట్టింది. మళ్లీ ఏలూరు పరిగెత్తాల్సి వచ్చింది. మొదటిసారి సర్వీసు, బస్సు చార్జీలతో కలిపి, షోరూము బిల్లు కంటే ఎక్కువే అయింది. ఈ మాట ఆ మేనేజరు చెవిన పడకూడదని తమ్ముడి చేత ఒట్టు వేయించుకున్నాను.

రెండోసారికి పని పట్టుబడింది, డబ్బు మిగిలింది. కానీ గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. మా ఆవిడ ఇత్తడి చెంబులు తోమినట్టు చింతపండు పెట్టి తోమేది. "ఏవండీ, ఈ చేతుల్తో తీర్థం ఎలా ఇస్తారండీ?" అని బాధపడేది. ఆవిడ భయం నిజమే అయింది. ఒక గృహప్రవేశంలో ఆ ఇంటి పెద్దావిడ నా గోళ్లు చూసి, చాచబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, తీర్థం గిన్నె నేరుగా అందుకుని తనే పోసుకుంది. తర్వాత ఆ ఇంటి నుంచి పిలుపు రాలేదు. ఈ ఖర్చు ఏ బిల్లులోనూ ఉండదు. దాన్ని మేనేజరు పద్దులోనే వేసుకున్నాను.

ఇంత జరిగినా షోరూము పూజలు నేను మానలేదు. మా ఆవిడ ఆశ్చర్యపోయింది, తమ్ముడు ముఖం చిట్లించాడు. నేను పిలవగానే వెళ్లి, మేనేజరు ఇచ్చిన టీ తాగి, ఆయన కంటే మెత్తగా మాట్లాడేవాడిని. పూజలో కొత్తగా ఒక అంగం మాత్రం చేర్చాను. గుండ్రటి డబ్బాకు బొట్టు కొన్నవాళ్ల చేతే పెట్టించేవాడిని. ఇది బండికి ప్రాణస్థానం అండీ, దీనికి మీ చేత్తోనే పెట్టాలి అనేవాడిని. ఏ శాస్త్రంలో ఉందని ఎవరూ అడగలేదు. ఏ శాస్త్రంలోనూ లేదు. దక్షిణ తీసుకునేటప్పుడు చెవి దగ్గరికి వంగి చెప్పేవాడిని: "మొదటి సర్వీసు అయ్యాక ఈ బొట్టు ఉందో పోయిందో చూసుకోండి. ఉంటే నాకు ఫోను చేయండి."

మేనేజరుకు ఈ కొత్త తంతు భలే నచ్చింది. ఇంటిల్లిపాదీ వంగి బొట్టు పెడుతుంటే ఫొటోలు బాగా వస్తున్నాయని సంబరపడి, సిందూరం డబ్బా తనే కొని షోరూములో పెట్టించాడు. ఆ రోజు ఇంటికి వచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

మొదటి ఫోను చింతలపూడి నుంచి వచ్చింది. ఆయిల్‌పామ్ తోట ఉన్న రైతు, మెత్తగా మాట్లాడే రకం కాదు. బొట్టు అలాగే ఉందన్నాడు. కంగారుపడవద్దు, ఎవరితోనూ అనవద్దు, ఇంకొందరు పోగవనివ్వండి అన్నాను. తర్వాత ఒకటొకటిగా ఫొటోలు రావడం మొదలైంది. నా ఫోనులో పెళ్లి ముహూర్తాల కాగితాల పక్కన బొట్లు పెట్టిన ఫిల్టర్ల ఫొటోలు చేరాయి. తీరిక దొరికినప్పుడల్లా వాటిని తీసి చూసుకునేవాడిని.

ఏడెనిమిది మంది అయ్యాక అందరినీ ఒకే ఉదయం షోరూముకు రమ్మన్నాను. ఫిల్టర్లు విప్పి గోనెసంచిలో వేసుకుని వచ్చారు. ఎదురుగా టీకొట్టు బల్ల మీద ముందే చోటు చూసుకుని కూర్చున్నాను. అద్దాల గోడ గనక లోపల జరిగేదంతా కనిపించింది. ఆ గాజు బల్ల మీదే డబ్బాలు ఒక్కొక్కటే పెట్టారు, బొట్టు మేనేజరు వైపుకు తిప్పి. ఆయన రుమాలు తీశాడు, ముఖం తుడుచుకున్నాడు, చింతలపూడి రైతు బల్ల మీద గుద్దితే లేచి నిలబడ్డాడు. ఒక క్షణం అద్దంలోంచి బయటకు చూశాడు. నేను లేచి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను. నా కడుపు చల్లబడింది. ఇన్నేళ్ల పౌరోహిత్యంలో ఏ పూజ తర్వాతా అంత తృప్తి కలగలేదు.

తృప్తి వారం నిలిచింది. షోరూము యజమాని వచ్చి అందరికీ కొత్త ఫిల్టర్లు ఉచితంగా వేయించాడు. తప్పంతా మెకానిక్కుదేనని తేల్చి అతన్ని తీసేశారు. మేనేజరును ఏలూరు బ్రాంచికి పంపారు, అదే కుర్చీ, అదే జీతం. మా ఇంజను ఊసు ఎవరూ ఎత్తలేదు. నన్ను మళ్లీ పూజకు పిలవలేదు. ఆయన ఏలూరులో కూడా టీ తెప్పించి నవ్వుతున్నాడని విన్నప్పుడు మళ్లీ ఒళ్లు మండింది. ఏలూరు షోరూములో పూజలు చేసే పురోహితుడు నాతో కలిసి చదువుకున్నవాడే. డబ్బా బొట్టు సంగతి అతనికి నేర్పాలని నిశ్చయించుకున్నాను.

ఈ దాళ్వాలో మా బండికి ఆయిలు కారడం మొదలైంది. మాకు అంతుపట్టలేదు. నీళ్ల వంతు దగ్గర పడుతోంది. తమ్ముడు నాతో చెప్పకుండా ఎవరినో పిలిచాడు. చేలోకి వెళ్లి చూస్తే గట్టు మీద మోపెడ్, సామాన్ల సంచి, ఇంజను పక్కన ఆ మెకానిక్కే. ఇప్పుడు ఊళ్లు తిరిగి చేల దగ్గరే సర్వీసులు చేస్తున్నాడట. షోరూము కంటే తక్కువ తీసుకుంటాడనీ, పాత సామాను చేతిలో పెట్టి మరీ చూపిస్తాడనీ తమ్ముడు చెప్పాడు. నేను పలకరించలేదు. పని చూస్తూ గట్టు మీద నిలబడ్డాను.

ఫిల్టరు విప్పి దాని మీది నా బొట్టు చూశాక అతనే మాట్లాడాడు.

"ఆ రోజు మీ డబ్బా నేనే కడిగానండీ పంతులుగారూ. కొత్తదానిలా కనబడాలి, బొట్టు కూడా తుడిచెయ్యి అని చెప్పారు ఆయన. ప్రతి బండికీ అదే చెప్పేవారండీ. గుడ్డ తీసుకునేవాణ్ణి. చుట్టూ తుడిచేవాణ్ణి. దేవుడి బొట్టు కదండీ, దాని మీదికి చెయ్యి వచ్చేది కాదు."

ఒళ్లు బద్ధకం అనుకున్నాను నేను. రెండేళ్లు నేను పన్నిన పన్నాగమంతా ఇతని భయభక్తుల మీద నిలబడిందని అప్పుడు తెలిసింది. అతను ఒక్కసారి గుడ్డ ఆడించి ఉంటే నా దగ్గర ఏ సాక్ష్యమూ ఉండేది కాదు, అతని ఉద్యోగమూ పోయేది కాదు. ఆ మేనేజరును వదలననీ, ఏలూరులో కూడా ఇదే పని చేయించబోతున్నాననీ చెప్పాను.

అతను కొత్త ఫిల్టరు బిగిస్తూ, "అక్కడ కడిగేవాడికి కూడా తుడవమనే చెబుతారండీ. దొరికితే పోయేది వాడేనండీ," అన్నాడు.

పని అయ్యాక సిందూరం ఉందా అని అడిగాడు. బండి పెట్టెలో ఎప్పుడూ ఉంటుంది. తీసి ఇచ్చి, నువ్వే పెట్టు నాయనా అన్నాను. అతను కాలవలో దిగి, సబ్బుతో చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. ఒడ్డుకు వచ్చి, చెప్పులు బురదలోనే వదిలేసి, కళ్లు మూసుకుని ఆ డబ్బాకు బొట్టు పెట్టాడు.

ఏలూరు పురోహితుడికి నేను ఇంకా ఫోను చేయలేదు. మేనేజరు మీద పగ రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ఆ సాయంత్రం గట్టు మీద అతని పక్కన నిలబడి నేను కిందికి చూసుకున్నాను. నా కాళ్లకు చెప్పులున్నాయి.