పై వాటా ఆవిడ తీయని పద్యాలు

మొన్న మనవరాలు కాలేజీలో స్పానిష్ క్లాసుకి పెట్టిన పుస్తకం ఒకటి పట్టుకొచ్చి, "అమ్మమ్మా, ఈ నావెల్‌లో మధ్యమధ్య పోయెమ్స్ ఉన్నాయి. కొంచెం వియర్డ్, బట్ చాలా బాగుంది," అంది. అట్ట వెనక ఫొటో చూసి కళ్లజోడు సవరించుకున్నాను. జుట్టంతా నెరిసింది గానీ ఆ కోటేరు ముక్కు అదే. జెర్సీ సిటీలో మా పై వాటాలో ఉండే ఆవిడ!

డెబ్బైల చివర్లో మేం అక్కడ కాపురం పెట్టేనాటికి ఆవిడ పగలు స్కూల్లో స్పానిష్ చెబుతూ, సాయంత్రాలు తన మొదటి నవల రాసుకునేది. అప్పటికే స్పెయిన్‌లో రెండు కవితా సంపుటాలు వచ్చాయట. నా పప్పుచారు వాసన పట్టుకుని కిందికి దిగివచ్చేది. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకదాన్ని మించినది ఒకటి కాబట్టి మాకు బాగా కుదిరింది. రాసిన పేజీలు మా వంటింట్లో కూర్చుని పైకి చదివేది. నాకు ఒక్క ముక్క తెలిస్తే ఒట్టు. బీన్స్ ఈనెలు తీసుకుంటూ వినేదాన్ని.

ఒక శనివారం అలాగే చదువుతోంది. వచనం మామూలుగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి పద్యమైపోయింది. గొంతు లేచింది, సాగింది, చివర మెత్తగా వాలింది. తెనాలిలో మా నాన్న పక్కన కూర్చుని పౌరాణిక నాటకాలు చూసిన అలవాటు ఎక్కడికి పోతుంది? నా నోట్లోంచి "వన్స్ మోర్" అని ఊడిపడింది.

ఆవిడ ముఖం మాడిపోయింది. ఎగతాళి అనుకుంది పాపం. ముందురోజే వాళ్ల దేశం నుంచి ప్రచురణకర్త ఫోన్ చేసి, పద్యాలన్నీ తీసేస్తేనే నవల వేస్తానన్నాడట. నేను కంగారుగా మా నాటకాల సంగతి చెప్పుకొచ్చాను. రాజుగారు మాట్లాడుతూ మాట్లాడుతూ మాటలు చాలనిచోట పద్యం ఎత్తుకుంటాడనీ, జనానికి నచ్చితే వన్స్ మోర్ అంటారనీ, చచ్చి పడిపోయినవాడైనా సరే లేచి పాడి మళ్లీ చావాల్సిందేననీ. ఆవిడ కళ్లనీళ్లు తిరిగేలా నవ్వింది. నవ్వు ఆగాక, "ఆ పద్యం తీసేస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

"రాజు కథ తెలుస్తుంది. బాధ తెలీదు," అన్నాను.

తీయలేదు. ఆ ప్రచురణకర్త చేజారాడు. తర్వాత మరికొందరూ అదే మాట అన్నారు. స్కూలు ఉద్యోగం ఊడిన ఏడు కూడా ఒక్క పాదం కొయ్యలేదు. నా మాట పట్టుకుని మునిగిపోతోందేమోనని నాకే భయమేసేది. పోనీ కొన్ని తీసెయ్యరాదా అని ఒకసారి బతిమాలాను.

"నువ్వు వన్స్ మోర్ అన్నావని ఉంచలేదు. అవి తీసేస్తే మిగిలేది నా నవల కాదు," అంది.

ఏం మనిషమ్మా! ఎనభైల మధ్యలో వాళ్ల ఊళ్లో చిన్న ప్రెస్సువాడెవరో దాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేశాడు. ఆవిడా పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత నవల మీద నవల రాసిందనీ, అన్నిట్లోనూ పద్యాలున్నాయనీ, ఇప్పుడు ఆ పద్ధతికే ఆవిడ పేరు చెప్పి పాఠాలు చెబుతున్నారనీ మనవరాలే చెప్పింది. నాకెంత గర్వంగా ఉందో!

ఈ పిల్లకి ఆ పుస్తకం అలా ఉండటమే మామూలు. గెలిచినదాన్ని కాలం మొదట్నుంచీ అంతే అన్నట్టు చూపిస్తుంది. అది వెలుగు చూస్తుందో లేదో తెలియని ఆ ఏళ్లలో మా నెత్తిమీద అటూ ఇటూ తిరిగిన అడుగుల చప్పుడు మాత్రం ఏ పుస్తకంలోనూ అచ్చుకాదు.