మరిదిగారి గుప్పెడు

ఈ ఉదయం ఎసట్లో బియ్యం పోయబోతూ ఆగిపోయాను. ఒక గుప్పెడు బియ్యం చేతిలోనే ఉండిపోయాయి. పక్క డబ్బాలో వెయ్యాలో, ఇక మానెయ్యాలో తేలలేదు. మా ఇళ్లలో వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా దేవుడికని ఒక గుప్పెడు తీసి, నెలాఖరున చర్చికి ఇస్తాం. నేను ఏడేళ్లుగా రెండో గుప్పెడు కూడా తీస్తున్నాను. అది మరిదిగారిది.

మరిదిగారంటే నా మరిది కాదు. మా చెల్లెలి కూతురు ఫిన్లాండులో నర్సు, అక్కడి అబ్బాయినే చేసుకుంది. అతని తమ్ముడు ఆమెకు మరిది కనక, అమలాపురంలో మా వీధి వీధంతటికీ మరిదిగారే అయిపోయాడు. పందొమ్మిదేళ్లవాడు, మా గుమ్మాలకు రెండుసార్లు తల కొట్టుకున్నాక వంగి నడవడం నేర్చుకున్న పొడగరి. అన్నావదినలతో కలిసి ఒక జూన్ నెలాఖరున మా ఇంటికి వచ్చాడు. వాళ్ల దేశంలో మంచు మీద హాకీ ఆడతాడట. నేను బడికి వెళ్లినదాన్ని కాను, నాన్నగారు అరుగు మీద బైబిలు ముందు పెట్టి చదువు చెప్పారు. నేనెరిగిన ఐసు చేపల పెట్టెల్లోదే. ఆ మాట చెబితే ఐసు ఫ్యాక్టరీ చూస్తానన్నాడు. అక్కడ ఒక దిమ్మకు అరచెయ్యి ఆనించి, సొంత ఊరి మనిషి ఎదురైనట్టు అలా నిలబడిపోయాడు.

ఆ వారంలోనే అమెరికా, కెనడాల్లోని పెద్ద హాకీ జట్లు దేశదేశాల కుర్రాళ్లను పేర్లు చదివి ఎంచుకుంటాయట. తన పేరు రాదని తెలిసే ఇటు వచ్చానని వాళ్ల వదిన, అదే మా అమ్మాయి చేత చెప్పించాడు. చెబుతూ పనసతొనలు తింటున్నాడు గాని, కళ్లు ఫోను మీదే.

మర్నాడు పొద్దున్నే పేరు వచ్చింది. అందరికన్నా చివరి వరసలో, అయినా వచ్చింది. అన్నదమ్ములు కావలించుకుని ఒకటే కేకలు. మా ఇంట్లో నేను తప్ప అందరూ టీచర్లే. లిస్టులో పేరు పడిందంటే మాకు ఉద్యోగం వచ్చినట్టే. నేను తిన్నగా పాస్టరమ్మగారి దగ్గరికి పరుగెత్తి, ఆదివారానికి కృతజ్ఞత కూటం పెట్టించేశాను. స్త్రీల సమాజం వారు పాటలు పాడారు, పాస్టరుగారు అతని ఉద్యోగాన్ని దీవించారు, సేమ్యా పాయసం పంచాము. గ్లాసులు సగం అయ్యాక మా అమ్మాయి నా చెవి దగ్గర వంగింది.

"ఇది ఉద్యోగం కాదు పెద్దమ్మా. ఎప్పుడైనా పిలిస్తే మా దగ్గరికే రావాలని ఆ టీము రాసుకుంది, అంతే. ఇలా చివర్లో రాసుకున్నవాళ్లు చాలామంది అక్కడ ఒక్క ఆటా ఆడకుండానే ఉండిపోతారు."

మా ఆడపడుచు రిటైరైన హెడ్మాస్టరు. ఆవిడవి పాము చెవులు. "ఏవండీ వదినగారూ, పోస్టింగు ఆర్డరు చేతికి రాకుండానే పాయసం పోసేసేరా?"

"పోసిన పాయసం వెనక్కి తీసుకుంటామేంటండీ!" అన్నాను గాని, సిగ్గుతో ముఖం కందిపోయింది.

సంగతి విని మరిదిగారు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు దించి, వదినతో ఏదో చెప్పాడు. "తను ఆడేదాకా ఆ కృతజ్ఞత మీ దగ్గరే దాచి ఉంచమంటున్నాడు పెద్దమ్మా" అందామె. "ఆయ్" అన్నాడతను, అవునని చెప్పడానికి మేమనే ఆ మాట ఒక్కటే వారం రోజుల్లో నేర్చుకున్నాడు. ఆ మర్నాటి నుంచి రెండో గుప్పెడు.

కొన్నేళ్లు వాళ్ల ఊళ్లోనే ఆడాడు. తర్వాత అమెరికాలో, పెద్ద జట్టుకు కింద ఉండే చిన్న జట్టులో. బస్సుల్లో ఊళ్లు తిరిగాడు, మోకాలికి ఆపరేషన్ చేయించుకున్నాడు, తనకన్నా చిన్నవాళ్లు పైకి వెళ్లిపోతుంటే చూశాడు. "ఇంకా ఆ గుప్పెడేనా వదినగారూ?" అని మా ఆడపడుచు నవ్వుతూనే ఉండేది. నేను ఊళ్లో లేని రోజుల్లో మాత్రం మరిచిపోకుండా తనే తీసి వేసేది.

ఈ ఉదయం అమ్మాయి ఫోను చేసింది. పెద్ద జట్టులో ఒకతనికి దెబ్బ తగిలితే, మరిదిగారిని పిలిచారట. ఆడాడట. రేపు మళ్లీ కింది జట్టుకేనట.

"ఎంతసేపు ఆడనిచ్చేరమ్మా?"

"తొమ్మిది నిమిషాలు పెద్దమ్మా. బయటికి రాగానే ముందు మీకు చెప్పమన్నాడు."

దేవునికి స్తోత్రం అనుకుని, గుప్పెడు డబ్బాలోనే వేశాను. రేపు కూడా వేస్తాను. మిగతా బియ్యం ఎసట్లో పోసి గడియారం చూశాను. తొలి పొంగు రావడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. ఇన్నేళ్లుగా వండుతున్నాను, తొమ్మిది నిమిషాలంటే అంతసేపని నాకు తెలియనే లేదు.