పెద్దబాపు జేబులో గేమింగ్ ఫోన్

మా రూతక్కకు కుదరబోతున్న సంబంధాన్ని నేను కాల్చి బూడిద చేయబోయిన వైనం ఇది. కాల్చడం అన్న మాట ఊరికే ఊపు కోసం వాడలేదు. ఆ రోజు నిజంగానే ఒక మనిషి ఛాతీ కాలింది. ఆ మనిషి మా పెద్దబాపు. కాల్చింది ఆయన ఫోను. ఆ ఫోను కొనిపించిన మేధావిని నేను.

ముందు నా మేధావితనం సంగతి చెప్పాలి. మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కన దుర్గాపూర్‌లో, బొగ్గుగని క్వార్టర్లలో పెరిగినవాణ్ణి. డిగ్రీ చదివే రోజుల్లో నాకొక వీడియో ఛానల్ ఉండేది. పేరు 'దుర్గాపూర్ గేమ్ గురు'. అందులో నా చేతులు కనబడతాయి, గొంతు వినబడుతుంది, ముఖం మాత్రం ఉండదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "జర మిస్టరీ ఉండాలె" అనేవాణ్ణి. అసలు కారణం, మా బాపు, అదే మా నాన్న, చూశాడంటే నా వీపు చిట్లుతుందని. ఛానల్ చూసేవాళ్ళలో మా చుట్టాల పిల్లల్ని తీసేస్తే మిగిలిన జనాన్ని ఒక్క ఆటోలో ఎక్కించవచ్చు. కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు కూడా.

చూసేవాళ్ళు లేకపోతేనేం, అభిప్రాయాలకు మాత్రం లోటు లేదు. వేలితో తెర మీద రుద్దుతూ ఆడేది ఆట కాదు, చపాతీ పిండి పిసకడం అనేవాణ్ణి. తుపాకీకి రంగు వేసి పైసలడిగే గేమ్ కంపెనీలను దుమ్మెత్తిపోసేవాణ్ణి. తిట్టిన మర్నాడే గప్‌చుప్‌గా ఒక బంగారు రంగు తుపాకీ కొనుక్కునేవాణ్ణి. ఫోన్ డబ్బా విప్పడానికే సగం వీడియో తినేసే ఛానళ్ళంటే ఒళ్ళుమంట. "డబ్బాలో ఫోన్ ఉంటదని అందరికీ ఎరుకే కదా, పావురం ఎగిరొస్తదా?" అని గంభీరంగా ప్రశ్నించేవాణ్ణి. ఇక ఫ్రేములు, రిఫ్రెష్ రేటు, ప్రాసెసర్ అంటూ మొదలుపెట్టానంటే, ఎదుటివాడికి ఎంత అర్థం కాకపోతే నాకంత హుషారు.

అలాంటి నన్ను వెతుక్కుంటూ వచ్చి పెద్దబాపు సలహా అడిగాడు.

పెద్దబాపు అంటే మా బాపుకు అన్న, పేరు దావీదు. రూతక్క ఆయన కూతురే. గనిలో ఉద్యోగం, చర్చిలో సంఘ పెద్ద. తెల్ల చొక్కా తప్ప తొడగడు. బొగ్గు ఊళ్ళో తెల్ల చొక్కా తెల్లగా ఉంచుకునే మనిషి అంటేనే ఎంత నిష్ఠో మీరే ఊహించుకోండి. మాటలు కూడా రేషన్ దుకాణంలో తూకం వేయించుకుని తెచ్చుకున్నట్టు వాడతాడు.

"నా ఫోను ఖరాబైంది సన్నీ. ఏది మంచిగుంటదో చెప్పు."

"ఫోన్‌తోని ఏమేం చేస్తవ్ పెద్దబాపూ?"

"మాట్లాడుత. పాటలు ఇంట."

"గంతేనా?"

"గంతే."

బుద్ధున్న వాడెవడైనా అక్కడ ఒక మామూలు ఫోన్ పేరు చెప్పి ఊరుకుంటాడు. కానీ ఆ రోజుల్లో నా ఫోన్ తెర పగిలి సాలెగూడులా ఉండేది. పెద్దబాపు క్వార్టరు మా గోడ అవతలే. ఆయన జేబులోకి గేమింగ్ ఫోన్ వస్తే నా చేతిలోకి రావడానికి ఎంతసేపు?

"పాటలు ఇనాలంటే ప్రాసెసర్ దమ్మున్నది ఉండాలె పెద్దబాపూ. లేకుంటే పాట మధ్యల ఆగిపోతది."

"ఇన్ని దినాలు ఆగలే గద?"

"గవి పాత పాటలు."

పెద్దబాపు ఒక్క క్షణం ఆలోచించి, చదువుకున్న పిల్లవాడు కదా, నిజమే అయ్యుంటుందనుకున్నాడు. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

చంద్రపూర్ బజారులో దుకాణాయన ఫోన్ తీసి చూపించాడు. ఇటుకంత బరువు. వెనకాల పులి ముఖం. గేమ్ మొదలెడితే పులి కళ్ళు ఎర్రగా వెలుగుతాయి, లోపల ఒక బుల్లి ఫ్యాను గిర్రున తిరుగుతుంది. దుకాణాయన పెద్దబాపు తెల్ల చొక్కానీ, నెరిసిన మీసాన్నీ చూసి మరాఠీలో అడిగాడు: "కాకా, తుమ్హీ గేమ్ ఖేళ్తా?"

"నేను ఆటలాడ. పాటలు ఇంట," అన్నాడు పెద్దబాపు. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "ఈ పులెందుకు రా?" అన్నాడు.

"మన తాడోబా పులుల అడవి గుర్తుకు పెద్దబాపూ."

ఆ సాయంత్రమే ఫోన్ అరువడిగి వీడియో చేశాను. "దోస్తులూ, ఈ ఫోను ఎంత ఆడినా వేడెక్కదు. కుండల నీళ్ళకన్న సల్లగుంటది. గురు గ్యారంటీ!" అని ప్రకటించాను. ఆ మాట చెబుతున్నంతసేపూ ఫోన్ కూలర్ ముందు ఉందన్న చిన్న వివరం వీడియోలో పడలేదు.

ఇక అసలు రోజుకు వద్దాం. మే నెల ఆదివారం. చంద్రపూర్ ఎండ గురించి తెలియనివాళ్ళకు ఒక్క ముక్క: ఇక్కడ కాకులు కూడా నీడలోంచి నీడలోకే ఎగురుతాయి. ఉప్పర్వాహి సిమెంట్ కాలనీ నుంచి రూతక్కను చూడడానికి పెళ్ళివాళ్ళు వస్తున్నారు. అబ్బాయి పేరు ప్రకాశ్, అక్కడే ఫ్యాక్టరీలో ఉద్యోగం. వెంట వాళ్ళ అమ్మా, బాపూ, నానమ్మ. మా పెద్దమ్మ వంటింట్లో పోహా, అదే అటుకుల ఉప్మా, చేస్తోంది. నేను వెనక గదిలో, పెద్దబాపు ఫోన్ మీద, నా మరాఠీ దోస్తు గణేశ్‌తో కలిసి ఆట ఆడుతున్నాను. గణేశ్ వాళ్ళింట్లో వాడున్నాడు, పెద్దబాపు ఇంట్లో నేనున్నాను, మాటలు మాత్రం ఫోన్‌లో గట్టిగా నడుస్తున్నాయి. ఒక ఆట అయిపోయింది. చాయ్ తాగి వస్తానని గణేశ్ లేచాడు.

అప్పుడే పెళ్ళివాళ్ళ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. పెద్దబాపు వచ్చి ఫోన్ లాక్కుని మాట్లాడుతూ బయటికి నడిచాడు. "ఆఁ ప్రభుదాసన్నా, గేటు దాటిన్రా? ఎడమకు తిరుగుండ్రి... ఆఁ, కనిపిస్తున్నరు, కనిపిస్తున్నరు!"

కనిపించాక ఫోన్ చొక్కా జేబులో వేసుకుని చేతులు జోడించాడు.

ఆ ఫోన్‌లో గేమ్ మోడ్ అని ఒకటుంది. మధ్యలో ఎవరు ఫోన్ చేసినా, తెర ఆరిపోయినా, ఆట మాత్రం వెనకాల నడుస్తూనే ఉంటుంది. దాన్ని నేనే ఆన్ చేసి పెట్టాను. నా వీడియోలో దాన్ని పొగిడిన పొగడ్తకు ఆ కంపెనీవాళ్ళు నాకు శాలువా కప్పాలి.

అందరూ కూర్చున్నారు. రూతక్క పోహా ప్లేట్లు తెచ్చి ఇచ్చి, తల వంచుకుని కుర్చీ అంచు మీద కూర్చుంది. ప్రకాశ్ నేల చూస్తున్నాడు. అతని బాపు ప్రభుదాస్ గట్టి మనిషి. కూర్చోగానే ఉపన్యాసం ఎత్తుకున్నాడు.

"దావీదన్నా, మా పోరనికి ఏ ఆదత్ లేదు. సిగరెట్ లేదు, గుట్కా లేదు. గీ కాలం పోరగాండ్ల లెక్క ఫోన్ల ఆటలు గిట్ల అసలే లేవు. గవి చూస్తేనే నాకు మంట."

"మంచి మాట," అన్నాడు పెద్దబాపు.

సరిగ్గా అప్పుడు ఎక్కడో తుమ్మెద తిరుగుతున్నట్టు సన్నని రొద మొదలైంది. ప్రకాశ్ వాళ్ళమ్మ కొంగుతో గాలిలో విసిరింది. రొద పోలేదు. నాకు మాత్రం ఆ రొద తెలుసు. అది ఫ్యాను. తలెత్తి చూస్తే పెద్దబాపు తెల్ల చొక్కా జేబులోంచి రెండు ఎర్రటి వెలుగులు.

నా నోట్లో పోహా ఇసకైపోయింది.

"పెద్దబాపూ, ఫోన్ జర ఇస్తవా?"

"పెద్దోళ్ళు మాట్లాడుతుంటే ఫోనెందుకు రా నీకు?"

ప్రకాశ్ వాళ్ళ నానమ్మకు చూపు తక్కువ. అయినా ఆమే ముందు పసిగట్టింది. "కొడుకా దావీదూ, నీ గుండెల దీపం ఎలుగుతున్నది బిడ్డా! ప్రభువు కృప!"

పెద్దబాపు కిందికి చూసుకోలేదు. ఎందుకంటే అప్పటికే ఆయనకు ఛాతీ మీద మంట మొదలైంది, అది బయటపడకుండా బిగబట్టుకుని ఉన్నాడు. చేత్తో మెల్లగా రాసుకున్నాడు. నుదుట చెమట.

"అన్నా, గుండెల మంటనా?" ప్రకాశ్ వాళ్ళమ్మ కంగారుగా అడిగింది.

"ఏం లేదమ్మా. గ్యాసు."

"గ్యాసు ఎర్రగ కనిపిస్తదా?" అన్నాడు ప్రభుదాస్.

నేను మళ్ళీ లేచాను. "పెద్దబాపూ, గది ఫోను..."

"కూసో!" అన్నారు ఇద్దరు పెద్దలూ ఒకేసారి.

నానమ్మ చేయి పైకెత్తింది. "అందరు కండ్లు మూసుకోండ్రి. ఈ బిడ్డ గుండె కోసం ప్రార్థన చేసుకుందం."

అందరూ కళ్ళు మూసుకున్నారు. "తండ్రీ..." అని నానమ్మ మొదలుపెట్టింది. అదే క్షణంలో గణేశ్ చాయ్ తాగి వచ్చాడు.

వచ్చావా, మొదలుపెడుతున్నా అంటూ పెద్దబాపు జేబులోంచి వాడి గొంతు గణగణమంది: "భావూ, ఆలాస్ కా? చల్, సురూ కర్తో!"

నానమ్మ ఆగింది. ఎవరూ కళ్ళు తెరవలేదు. బయట రోడ్డు మీద ఎవరో అనుకున్నట్టున్నారు. ఆమె మళ్ళీ, "తండ్రీ, ఈ పెద్దమనిషిని..." అంది.

"అరే, తో మ్హాతారా బఘ్! నివాంత్ బస్లాయ్! మాగూన్ జా ఆణి మార్ త్యాలా!"

ఆటలో ఎవడో తెల్లగడ్డం వేషం వేసుకుని గోడ పక్కన కూర్చున్నాడు, వాణ్ణి కొట్టమంటున్నాడు గణేశ్. కానీ ఆ గదిలో మరాఠీ రానివాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళకు వినిపించింది ఇది: 'ఆ ముసలాణ్ణి చూడు, నిమ్మళంగ కూసున్నడు. ఎనకనుంచి పోయి కొట్టు!' గదిలో నిమ్మళంగా కూర్చున్న పెద్ద వయసు మగవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూశారు.

నానమ్మ ఒక కన్ను తెరిచి, "ఎవన్ని కొడ్తడట?" అంది.

అప్పుడు పెద్దబాపు జేబులో చేయి పెట్టాడు. "అబ్బా!" అని చేయి వెనక్కి తీశాడు. మళ్ళీ పెట్టి, ఫోన్ బయటికి లాగి, పొయ్యిలోంచి తీసిన కంకిలా ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేయసాగాడు. ఆ ఎగరేతలో ఎక్కడో నొక్కుకుని చప్పుడు రెండింతలైంది. తుపాకులు ధనధనా పేలాయి. నేను ఎగిరి అందుకున్నాను. నేనూ ఆపలేకపోయాను! ఆట మధ్యలో పొరపాటున ఆగిపోకుండా ఉన్న తాళాలన్నీ వేసి పెట్టింది నేనే కదా. చెమట వేళ్ళకు తెర పలకడం లేదు. "గణేశ్, బంద్ చెయ్‌రా! బంద్ కర్!" అని గావుకేక పెట్టాను.

ఆ కేకకు ప్రకాశ్ తలెత్తాడు. ఇల్లు చేరాక మొదటిసారి నేల మీంచి చూపు లేపాడు. లేచి వచ్చి, "ఇటియ్యు," అని ఫోన్ తీసుకుని, రెండు అంచులూ ఒక్కసారి పట్టుకుని నొక్కాడు. పులి కళ్ళు మూసుకుంది. ఫ్యాను ఆగింది.

"నీకెట్ల ఎరుక రా?" ప్రభుదాస్ గొంతు నెమ్మదిగా వచ్చింది. నెమ్మదిగా వచ్చినందుకే భయమేసింది.

ప్రకాశ్ చూపు మళ్ళీ నేలకు దిగింది. "నా తాన గూడ గిదే ఉన్నది బాపూ."

"ఏడుంది? నాకెన్నడు కనిపియ్యలే?"

"బియ్యం డ్రమ్ముల."

వాళ్ళమ్మ నోటి మీద చేయి వేసుకుంది. "గందుకేనా బియ్యం ఎచ్చగుంటున్నయ్! పురుగు పట్టిందని రెండుసార్లు ఎండబోస్తి!"

ప్రకాశ్ మాత్రం నా వైపు తిరిగాడు. ఆ చూపు నాకు నచ్చలేదు. "నీ గొంతు నాకెరుకే. గేమ్ గురువు నువ్వేనా?"

చుట్టాలు కాని, నేను ఎన్నడూ చూడని, నిఖార్సైన అభిమాని! జీవితంలో మొదటిసారి కలుస్తున్నాను. లోపల ఎక్కడో గర్వం పొంగింది. "ఔను," అన్నాను.

"కుండల నీళ్ళకన్న సల్లగుంటది అన్నవ్. నీ మాట మీదనే కొన్న." అంటూ ప్రకాశ్ పెద్దబాపు ఛాతీ వైపు వేలు చూపించాడు. పెద్దబాపు విప్పుకున్న గుండీల సందులోంచి, జేబు వెనకాల చర్మం నలుచదరంగా ఎర్రగా కమిలి కనబడుతోంది. "చూడు. గురు గ్యారంటీ."

అక్క సంబంధం ఫ్యాను రెక్కకు తగిలిన పిట్టలా రాలిపోయిందనుకున్నాను. ఏడుపొచ్చింది. అప్పుడు 'కిసుక్' మని ఒక చప్పుడు. రూతక్క! కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. "బియ్యం డ్రమ్ముల..." అంటూ కుర్చీలో ఒరిగిపోయింది. ఆమెను చూసి ప్రకాశ్ నవ్వాడు. నానమ్మకు సంగతి సగమే అర్థమైనా, పళ్ళు లేని నోటితో నవ్వింది. చివరికి ప్రభుదాస్ మీసం కూడా కదిలింది.

ఆయన లేచి పెద్దబాపు దగ్గరికి వచ్చాడు. అంతసేపూ 'దావీదన్నా' అన్న మనిషి, భుజం మీద చేయి వేసి, "చొక్కా ఇప్పు బావా. జర కొబ్బరినూనె రాస్త," అన్నాడు.

బావా! పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంది. సంబంధం ఖాయమైందని మా ఇంట్లో అందరికీ తెలిసింది ఆ పిలుపుతోనే.

నాకు జరగవలసిన మర్యాదలు ఆ సాయంత్రం మా బాపు చేతుల మీదుగా జరిగాయి. ఆ వివరాలు వద్దు. మర్నాడు పెద్దబాపు దగ్గరికి వెళ్ళి, "ఫోన్ వాపస్ చేసి సాదాది తెస్త పెద్దబాపూ," అన్నాను. ఆయన ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి, పులి ముఖాన్ని బొటనవేలితో తుడిచాడు.

"ఉండనీయ్. చలికాలం పొద్దుగాల డ్యూటీకి పోతుంటే ఛాతికి ఎచ్చగుంటది."

ఆయన వేళాకోళమాడాడో, నిజంగా అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఫోన్ మాత్రం మార్చలేదు.

ఇక నా ప్రతిజ్ఞ. ఇంటిల్లిపాది ఎదుట, కుడిచేయి ముందుకు చాచి చేసింది: ఏ ఫోన్ గురించైనా నోరు విప్పేముందు, దాన్ని నా సొంత చొక్కా జేబులో వేసుకుని, గేమ్ మోడ్ ఆన్ చేసి, ప్రకాశ్ బావ వాళ్ళ నానమ్మ చేసే ప్రార్థన మొదటి నుంచి చివరిదాకా కదలకుండా కూర్చుంటాను. కూర్చోగలిగితేనే మంచి ఫోన్ అని చెబుతాను.

నానమ్మ ప్రార్థనలు జర పొడుగే. ఇప్పటిదాకా ఏ ఫోనూ నన్ను 'ఆమెన్' దాకా కూర్చోనివ్వలేదు.