కుక్కకీ ఒక్కపొద్దే కాబోలు

అక్టోబరు పదిహేడు, గురువారం. ఉదయం పదీ నలభై. ఎండగా ఉంది, గాలి లేదు. స్థలం: పక్కింటి అక్కయ్యగారి వంటింట్లో భోజనాల బల్ల. హాజరైనవారు: అక్కయ్యగారు, నేను, నా భార్య, మా మనవరాలు, జంతు సంరక్షణ సంస్థ నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు అమ్మాయి, బల్ల కింద అక్కయ్యగారి కుక్క బెల్లం.

నా డైరీలో ఆ రోజు పేజీలో ఉన్నది ఇంతే. రెండేళ్ళు కావస్తున్నా ఆ పేజీ మళ్ళీ తెరవలేదు. నిన్న తెరవాల్సి వచ్చింది. సిడ్నీ శివార్లలో ఎడ్మండ్‌సన్ పార్కు అనే పేటలో కొత్తగా ఇల్లు కొనుక్కున్న మా మేనల్లుడు ఫోను చేసి, పక్కింటివాళ్ళ కుక్క బక్కచిక్కి ఉంటోందనీ, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చనీ, ఎవరికి కంప్లెయింట్ ఇవ్వాలో మామయ్యకయితే తెలిసి ఉంటుందనీ అడిగాడు. రేపు చెబుతానని ఫోను పెట్టేసి, అలమరలోంచి ఆ ఏటి డైరీ తీశాను.

రైల్వే సిగ్నళ్ళ విభాగంలో పనిచేసినవాణ్ణి. మొదట విజయవాడలో, ఆ తర్వాత సిడ్నీలో. ఎవరు ఏ లివరు ఎప్పుడు లాగారో, ఏ దీపం ఎప్పుడు మారిందో నిమిషాలతో సహా రాసిపెట్టడం మా ఉద్యోగంలో సగం, ఆ అలవాటు రిటైరయ్యాక కూడా వదల్లేదు. బ్లాక్‌టౌన్ దగ్గర మా ఇంట్లో ముప్ఫై రెండు డైరీలున్నాయి. ఏ రోజు ఎర్రమూత చెత్తడబ్బా బయట పెట్టామో, ఏ రోజు మాగ్‌పై పక్షి నా నెత్తిమీద తన్నిందో అన్నీ వాటిలో ఉంటాయి. మన వయసువాళ్ళలో ఇలాంటివాళ్ళు ఇంటికొకరైనా ఉంటారు కాబట్టి మీరు నవ్వరనే అనుకుంటున్నాను.

అక్కయ్యగారు మాకు చుట్టం కాదు. మేము ఈ వీధికి వచ్చేసరికే ఆవిడా, బావగారూ పక్కింట్లో ఉన్నారు. తెనాలివాళ్ళని తెలిసిన పూటే అక్కయ్యగారూ, బావగారూ అయిపోయారు. ఇరవై రెండేళ్ళుగా మా రెండిళ్ళ మధ్య ఉన్న చెక్క కంచె మీద నుంచి స్టీలు గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. మా ఆవిడ గోంగూర పచ్చడి పంపితే అదే గిన్నెలో సున్నుండలు వచ్చేవి. ఇంట్లో ఏమీ లేని రోజున చెంచాడు పంచదారైనా, రెండు కరివేపాకు రెబ్బలైనా వేసి పంపేవారు గానీ అక్కయ్యగారు గిన్నెను ఖాళీగా తిప్పి పంపడం నేనెరగను.

బెల్లాన్ని తెచ్చింది బావగారు. కెల్పీ జాతి కుక్కపిల్ల, అచ్చం అనకాపల్లి బెల్లం రంగు. ఇక్కడి పిల్లలు నోరు తిరగక బెల్ అని పిలిచేవారు. బావగారికి జబ్బు చేసిన ఎనిమిది నెలలూ అది ఆయన మంచం దిగలేదు. ఆ ఎనిమిది నెలలూ నేను కూడా రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. వచ్చాక ఆయన ఎంత తిన్నారో, ముఖం ఎలా ఉందో రాసుకునేవాణ్ణి. ఆయన పోయిన నెలకు, అక్కయ్యగారికి ఓదార్పుగా ఉంటుందని, డైరీ పట్టుకెళ్ళి ఆ పేజీలన్నీ తేదీల వారీగా చదివి వినిపించాను. ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ చివరి దాకా విన్నారు, కాఫీ ఇచ్చి పంపారు. మంచిపని చేశాననుకున్నాను.

ఆ తర్వాత మూడేళ్ళకు, ఆగస్టులో, బెల్లం చిక్కిపోవడం మొదలైంది. నడుం దగ్గర లోపలికి పోయింది, వెన్నుపూసలు బయటికి తేలాయి. మా ఆవిడతో రెండుసార్లు అన్నాను. వయసైంది కదా అని ఆవిడ సింకు వైపు తిరిగిపోయింది. అక్కయ్యగారిని అడగాలని కంచెదాకా వెళ్ళి, వాన గురించి మాట్లాడి వచ్చేసేవాణ్ణి.

ఇది నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. మనవాళ్ళం ఎవరు కనబడినా, కాళ్ళు కడుక్కోకముందే, అయ్యో చిక్కిపోయావే అంటాం. ఆ మాట అనకపోతే పలకరించనట్టే. అలాంటిది, ఈ దేశంలో ముప్ఫై ఏళ్ళుండి, ఇంకొకరి ఇంటి సంగతుల్లో వేలు పెట్టకూడదనే మర్యాద ఒకటి నేర్చుకున్నాను. నోటితో అనాల్సిన మాట డైరీలో పద్నాలుగుసార్లు రాశాను. నిన్న లెక్కపెట్టాను. బెల్లం చిక్కింది. బెల్లం మరీ చిక్కింది. బెల్లాన్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఒక శనివారం నాడు ఇలా కూడా రాశాను: అక్కయ్యగారికి ఈ రోజు ఒక్కపొద్దు. కుక్కకీ ఒక్కపొద్దే కాబోలు. రాసి, నాలో నేనే నవ్వుకున్నాను.

రాయడంతో ఆగలేదు. కంచెలో ఒక పలక ఊడి చెయ్యి పట్టేంత సందు ఉండేది. అక్కయ్యగారు పూజలో ఉండే సమయం చూసి, ఉప్పు వేసిన పెరుగన్నం, దానిమీద కాస్త ఆవకాయ ఊట వేసి, రోజు విడిచి రోజు ఆ సందులోంచి పెట్టేవాణ్ణి. ఎంత ఇష్టంగా తినేదో. తిన్నాక నా వేళ్ళ సందులు కూడా నాకి వదిలేది. అదీ రాసుకున్నాను.

ఆ రోజుల్లో మనవరాలు మా దగ్గరే ఉండేది, యూనివర్సిటీకి దగ్గరని. చిన్నప్పుడు తెలుగు అర్థమయ్యేదే గానీ జవాబు ఇంగ్లీషులో వచ్చేది. తాతా, నాకు చదవడం నేర్పించు అని ఆ ఏడు తనే అడిగింది. నాకు కలిగిన సంతోషం మీకు వేరే చెప్పక్కర్లేదు. పిల్లల వాచకాలు దానికి నచ్చకపోతే, నా చేతిరాత గుండ్రంగా ఉంటుంది కదా అని నా డైరీలే ఇచ్చాను. ఒత్తులు కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని, సాయంత్రం పూట పేజీ పేజీ చదివేది. ఒకరోజు పేజీ మధ్యలో ఆగి, ఈ సంగతి ఎవరికైనా చెప్పావా అని అడిగింది. చూద్దాంలే అన్నాను. చూద్దాంలే అంటే ఏమీ చెయ్యనని అర్థం. ఆ సంగతి ఆ పిల్లకు కూడా తెలుసునని నాకు అప్పుడు తెలియదు.

ఆ గురువారం ఉదయం అక్కయ్యగారే కంచె మీద నుంచి పిలిచారు. తమ్ముడూ, ఎవరో యూనిఫారం వేసుకున్న అమ్మాయి వచ్చింది, నువ్వొకసారి వచ్చి పక్కన కూర్చో, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు అన్నారు. చొక్కా మార్చుకుని వెళ్ళాను. వెనకే మా ఆవిడ, ఆ వెనక మనవరాలు. అక్కయ్యగారికి అండగా ఉండటానికి వెళుతున్నానని నిజంగానే అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు అమ్మాయి మర్యాదస్తురాలు. ఫిర్యాదు ఎవరిచ్చారో చెప్పనని ముందే చెప్పింది. చెప్పాల్సిన అవసరం లేకపోయింది. కాగితాలు తిరగేస్తూ తేదీలు చదివింది, వాతావరణంతో సహా. మూడు తేదీలు చదివేసరికి నా చెవులు వేడెక్కాయి. తర్వాత, ఏ భావమూ లేని గొంతుతో, యజమానురాలు మతాచారంగా శనివారాలు ఉపవాసం ఉంటారనీ, కుక్కను కూడా ఉపవాసం ఉంచుతారనీ రాసి ఉంది, నిజమేనా అని అడిగింది.

కాబోలు అన్న మాట ఆ తర్జుమాలో ఎక్కడికి పోయిందో. నేను మనవరాలి వైపు చూశాను. అది కళ్ళు దించుకోలేదు.

"తాతా, యూ రోట్ ఇట్. నేను చదివానంతే."

నేను నేర్పిన అక్షరాలవి. ఆ పిల్ల వేలు పట్టుకుని దిద్దించిన ఒత్తులవి. నా వెనకాల నా పేజీల ఫోటోలు తీసి, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి, నన్నొక్క మాట అడక్కుండా పంపించేసింది. నా ఇంట్లోనే నా గొంతు కోసినట్టయింది. రెండేళ్ళయినా అది తగ్గిందని చెప్పను.

అక్కయ్యగారు లేచి, బిస్కట్ల నీలం డబ్బా ఒకటి తెచ్చి బల్లమీద పెట్టారు. నిండా పశువుల డాక్టరు కాగితాలే. బెల్లానికి మూత్రపిండాల జబ్బు. జులైలో బయటపడింది. ఉప్పు తగలకూడదు, డాక్టరు రాసిన ఆహారం తప్ప మెతుకు ముట్టకూడదు, కఠిన పథ్యం. కారు నడపడం రాని మనిషి, ప్రతి పదిహేను రోజులకూ టాక్సీలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళి వస్తున్నారు. ఇన్‌స్పెక్టరు అన్నీ చదివింది, కింద కూర్చుని బెల్లం చిగుళ్ళు చూసింది, నడుం తడిమింది. ఇంతకంటే బాగా ఎవరూ చూసుకోలేరని ఆవిడ చేతిమీద చెయ్యి వేసి చెప్పింది.

మా ఆవిడ ఆ కాగితాల వైపు చూడనైనా చూడలేదు. ఆవిడకు కొత్తగా ఏమీ అనిపించలేదని నాకు అప్పుడు తెలిసింది. నీకు ముందే తెలుసా అన్నాను.

"తెలుసు. మీకు చెప్పొద్దని అక్కయ్యగారే ఒట్టు వేయించుకున్నారు. మీకు చెబితే పుస్తకంలోకి ఎక్కుతుంది, తర్వాత ఎప్పుడో తెచ్చి చదివి వినిపిస్తారు, ఇంకోసారి వినలేనన్నారు."

నలభై ఒక్క ఏళ్ళ కాపురం. నేను అడిగిన ఆ రెండుసార్లూ సింకు వైపు తిరిగి నా భార్య నాతో అబద్ధమాడింది. మనవరాలు ఒకవైపు, ఈవిడ ఒకవైపు. నావాళ్ళంటూ ఆ గదిలో నాకెవరూ లేరనిపించింది. లేచి వచ్చేద్దామని కుర్చీ వెనక్కి జరిపాను కూడా.

అంతలో ఇన్‌స్పెక్టరు, డాక్టరు కాగితాల్లో ఒకచోట వేలు పెట్టి, సెప్టెంబరులో రెండుసార్లు రక్తపరీక్ష ఉన్నట్టుండి పాడైంది, బయటి తిండి ఏమైనా పడిందా అని అడిగింది. అదే ప్రశ్న డాక్టరు కూడా అడిగాడట. లేదని దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పానన్నారు అక్కయ్యగారు. ఇన్‌స్పెక్టరు తన దగ్గరున్న ఫిర్యాదు కాగితాల్లో వెనక్కి వెళ్ళి, ఒక పేజీ దగ్గర ఆగి, నెమ్మదిగా చదివింది. ఆదివారం. సందులోంచి పెరుగన్నం పెట్టాను. ఆవకాయ ఊట వేస్తే మరీ ఇష్టంగా తిన్నది.

బల్ల కింద బెల్లం తోక నేలకు కొట్టుకుంటోంది. నేను అక్కడున్నానన్న సంతోషం దానికి.

అక్కయ్యగారు నా వైపు చూశారు. ఆ ఉదయం ఆవిడ నన్ను నేరుగా చూసింది అదొక్కసారే.

"తమ్ముడూ, నీకూ నాకూ మధ్య ఒక పలకే కదా ఉంది. ఒక్క మాట అడగలేకపోయావా?"

మోసపోయానని అప్పటిదాకా లోపల కట్టుకుంటూ వచ్చిన వాదన అంతా నాకక్కడ తెగిపోయింది. పూర్తిగా తెగిందని కూడా అనను. నాకు చెప్పకుండా చేసినవాళ్ళు చెప్పకుండానే చేశారు. కానీ ఆ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎక్కువ మోసపోయిన మనిషి నేను కాదు.

మేనల్లుడికి ఈ సాయంత్రం ఫోను చేస్తాను. ముందు తలుపు తట్టమంటాను. కుక్క చిక్కిపోయిందే, ఏమైనా జబ్బా అని, మన ఊళ్ళో అడిగినట్టు, సూటిగా అడగమంటాను. అడిగినా తలుపు వేసుకుంటే, కుక్క నీరసించిపోతుంటే, అప్పుడు తప్పకుండా సంస్థవాళ్ళకు చెప్పాల్సిందే, వాళ్ళు ఆ పని తెలిసినవాళ్ళు. చాటుగా మాత్రం ఏమీ పెట్టొద్దంటాను. ఆ వీధిలో కంచెలన్నీ ఇప్పుడు రేకువి, మనిషెత్తున, ఎక్కడా సందు ఉండదు. మా కాలంలో గిన్నె అందించడానికి వీలుగా చెక్క కంచెను ఒకచోట కోసుకునేవాళ్ళం. అలాంటి కంచె పక్కన బతికినవాణ్ణి, అడగడం మర్చిపోయాను. ఆ రేకు గోడల మధ్య వాడు అడగగలడో లేదో నాకు తెలియదు.

రెండేళ్ళ కిందటి ఆ గురువారానికి మర్నాడు, శుక్రవారం, ఉదయం ఆరున్నరకు పెరట్లోకి వెళ్ళాను. పలక ఊడినచోట కొత్త పలక ఏమీ కొట్టలేదు, సందు అలాగే ఉంది. కంచె కోసుకున్న చోట, అంతకు ముందు వారం మా ఆవిడ పప్పుచారు పంపిన స్టీలు గిన్నె బోర్లించి ఉంది. మెరిసేటట్టు తోమి, తుడిచి, ఆరబెట్టినది. తిప్పి చూశాను. చెంచాడు పంచదార లేదు. కరివేపాకు రెబ్బ లేదు. ఖాళీగా ఉంది.

అడుగుల చప్పుడు విని బెల్లం సందు దగ్గరికి వచ్చింది. ముక్కు ఇవతలికి పెట్టి, ముందు గిన్నె వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, తోక ఊపుతూ నిలబడింది.