సున్నం పూసిన సొరబుర్ర

మీరు పారేసినది ఎక్కడ తేలుతుందో ఎప్పుడైనా వెంట నడిచి చూశారా? చెత్త ఎటు పోతుందో తెలుసుకోవడానికి సముద్రంలో వదిలిన బుయ్యల, అంటే నీటిపై తేలే గోళాల, ఫొటోను నిన్న పేపర్లో చూడగానే, పెద్దవంగర దగ్గరి మా వాగు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు ఒక ఏడాది ఊరంతా వాంతులు, విరేచనాలు. రోగుల బట్టలు వాగులో వదిలి, అమ్మవారిని సాగనంపామనుకున్నారు ఊరివాళ్ళు. నాయిన తల్లి మా అవ్వ మాత్రం ఎండిన సొరబుర్రకు సున్నం పూసి అక్కడే వదిలింది. మొక్కు అనుకొని దండం పెట్టాను.

"దండమెందుకే? ఏడ ఆగుతదో సూద్దాం నడువు."

దూరానికీ తెల్లగా కనిపిస్తూ పోయిన బుర్ర దిగువ పల్లెలో, మేనత్త నీళ్ళు తోడుకునే, వాగు ఇసుకలో తవ్విన చెలిమె పక్కన ఆగింది. అత్త చంటిబిడ్డకు ఆ నీళ్ళే పట్టబోతోంది.

"పారబొయ్యి బిడ్డా. మా రోగమే నీ బిందెల ఉన్నది."

"అమ్మవారు పోయిందన్నరు గదనే అవ్వా?" అని అడిగాను.

"ఆమెకు కాళ్ళేడియి? వాగుకున్నయి."

అవ్వ ఆ రోజు అడిగింది దేవతను కాదు, వాగును. మీరూ మీ మురుగుకాలువలో ఒక బుర్ర వదలండి. అది ఆగిన చోట నీళ్ళు తాగే బిడ్డ ముఖం చూసి రండి.