జెండా దొర చేతులు

స్పెయిన్ రాజు ఏలే కరీబియన్ తీరంలో, సాన్ తెల్మో రేవులో ఆమెకు రెండు పేర్లుండేవి. ఎదురుపడితే రంగుల బెర్నబేలా, పక్కకు తప్పుకున్నాక నల్లచేతులది. గుడ్డలకు రంగు పట్టించే దివిదివి కాయల తొట్లలో నాని నాని ఆమె చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి. ఏ సబ్బుకూ లొంగని నలుపు అది. చర్చిలో ఆ చేతులను శాలువా కింద దాచుకొమ్మని అందరి ముందూ అన్నవాడు కోకో తోటల ఆసామి దొన్ ఫ్రోయిలాన్. "ఇవి చేతులా, పొయ్యిలో కట్టెలా?" అన్నాడు. నలుగురూ నవ్వారు. ఆమె దాచుకుంది.

అది చిన్న గాయం. పెద్దది ఆ తర్వాత తగిలింది.

ఆమె మొగుడు తొరీబియో గాడిదల మీద సరుకు తోలేవాడు. ఒక తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున కోకో బస్తాలతో దొరికిపోయాడు. కురసావ్ ద్వీపపు డచ్చివాళ్ళకు దొంగచాటుగా సరుకు అమ్మడం నేరం. ఆ బస్తాలు దొన్ ఫ్రోయిలాన్‌వని ఊళ్ళో కుక్కలకు కూడా తెలుసు. విచారణలో మాత్రం ఆయన, "ఈ మనిషెవరో నేనెరగను" అన్నాడు. తొరీబియోను కార్తహేనా కోటకు రాళ్ళు మొయ్యడానికి పంపారు. అక్కడే పోయాడు. శవమైనా రాలేదు. బెర్నబేలా గుండెలు బాదుకోలేదు. నిప్పును బూడిద కింద దాచినట్టు దాచుకుంది.

దొన్ ఫ్రోయిలాన్ ఆ ఊరికి జెండా దొర. స్పెయిన్‌లో రాజు మారినప్పుడు, రాజుగారి జెండా పట్టుకుని నడివీధిలో వేదికెక్కి, కొత్త రాజు పేరు మూడుసార్లు ఎలుగెత్తి చదివి, ఊరిచేత విధేయత పలికించే పదవి అది. ఆస్తి తగలేసి కొనుక్కున్నాడు. కొన్నప్పటి నుంచీ రాజు మారితే ఒట్టు. జుట్టు నెరిసిపోతుండగా చిట్టచివరికి కబురొచ్చింది: ఫిలిప్ రాజు విరక్తి పుట్టి గద్దె దిగాడు, కుర్ర కొడుకు లూయిస్ ఎక్కాడు. జెండా దొర కాళ్ళు నేల మీద నిలవలేదు. వేదికకు నిలువెల్లా ఎర్రటి గుడ్డ చుట్టాలన్నాడు. ఆ తీరంలో ఎరుపు వెయ్యడం తెలిసింది బెర్నబేలాకే.

ఆ వారమే దివిదివి కాయల కోసం కురసావ్ పడవ సరంగు హెండ్రిక్ వచ్చాడు. మొక్కజొన్న రొట్టె నములుతూ, "వదినా, ఊరంతా ఈ హడావుడేంటి?" అన్నాడు.

"ఆదివారం పండగ. లూయిస్ రాజుకి జేజేలు."

రొట్టె గొంతుకు అడ్డం పడినంత పనైంది అతనికి. "ఆ పిల్లోడు పోయాడు కదా! మశూచి. ముసలాయన మళ్ళీ గద్దెక్కాడు. ఆమ్‌స్టర్‌డామ్ ఓడ తెచ్చింది కబురు. మీ రాజుగారి ఓడకి ఇంకా తీరిక చిక్కలేదేమో."

"ఒట్టు?"

"మీ మేరీమాత మీదొట్టు. అయినా రాజులదేముంది? ఇంగ్లీషోళ్ళ రాజుకి ఇంగ్లీషే రాదంట. ఫ్రాన్సు రాజుకి మీసమే రాలేదు. తూర్పుదేశాలు తిరిగొచ్చినోడొకడు చెప్పాడు, ఢిల్లీలో ఒక్క ఏడాదిలో ముగ్గురు పాదుషాలు మారారంట. మాకైతే అసలు రాజే లేడు. మా జున్నేమన్నా పులిసిందా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు. జెండా దొర కోకో ఎక్కించుకుని ఇట్నుంచిటే పోతన్నా."

హెండ్రిక్ వెళ్ళాక బెర్నబేలా లెక్క వేసుకుంది. ఈ మాట ఇప్పుడు చెబితే పండగ ఆగుతుంది, ఆయన పరువు మిగులుతుంది. ఆమె నోరు కుట్టేసుకుంది. ఊరుకున్నంత మాత్రాన ఆమె కడుపు చల్లారలేదు.

ఎరుపు పట్టాలంటే గుడ్డను ముందు దివిదివి రసంలో ఒక్క ముంపు ముంచాలి. ఆ గుడ్డ దరిదాపులకు ఇనుము రాకూడదు. వచ్చిందా, నలుపే. ఈసారి ఆమె చిక్కటి రసంలో పదేపదే ముంచింది. పైన పటిక పెట్టి ఎర్రచెక్క రంగు వేసింది. గుడ్డ నెత్తురులా మెరిసింది.

"ముడత కనపడిందో, చూడు!" అన్నాడు దొన్ ఫ్రోయిలాన్.

"తడిమీదే ఇనప మేకులు కొట్టించండి దొరగారూ. ఆరాక డోలు చర్మంలా బిగుస్తుంది."

"నీకూ బుర్ర ఉందే!"

ఆదివారం పొద్దున ఊరు నోరు వెళ్ళబెట్టింది. ప్రతి మేకు చుట్టూ అరచేతంత నలుపు, దాని కింద కారిన చారలు. నడుమ కుర్ర రాజు పటం.

"గుడ్డ ఏడుస్తోందే, అమ్మా!" అంది చేపలమ్మే ఎడువీహిస్.

"నోర్ముయ్యవే, దొర వింటాడు" అంది పక్కనున్నామె.

ఆయన కొబ్బరాకులు కప్పించాడు. సముద్రపు గాలి ఎగరగొట్టింది. ఇక చేసేదేమీ లేక జెండా ఎత్తి లూయిస్ రాజు పేరు మూడుసార్లు చదివాడు. జనం గొణిగినట్టు బదులిచ్చారు. గొంతు చించుకుని జేజేలు కొట్టింది బెర్నబేలా ఒక్కతే.

ఆ వారం తిరక్కుండానే రాజుగారి ఓడ వచ్చింది, చావు కబురుతో. సారా కొట్లో ఇక అదే పాట.

"జెండా దొర బతికున్నోళ్ళకి జై కొట్టడా?"

"మా తాతక్కూడా కొట్టమను. ఆయనా పోయాడుగా!"

సంతాప పూజకు చర్చిలో నల్లగుడ్డ పరవాలని ఆజ్ఞ. దొన్ ఫ్రోయిలాన్ తొట్ల దగ్గరికి తనే వచ్చాడు. ఒంటరిగా.

"నలుపు కావాలి."

"నా దగ్గరున్న నలుపంతా మీకు ముందే ఇచ్చేశాను, దొరగారూ."

ఎర్రగుడ్డ మీది నల్లమరకలు ఆయనకు గుర్తొచ్చాయి. "రాజు పోయాడని నీకు ముందే తెలుసు! రాజద్రోహం ఇది. నిన్ను కోటకి..."

"పంపండి. నాకెలా తెలిసిందని అడుగుతారు. రాజుగారి ఓడ కన్నా ముందు వచ్చిన పడవేదో చెబుతాను. ఆ పడవలో ఎవరి కోకో వెళ్ళిందో కూడా చెబుతాను. ఈసారి మీరెవర్ని ఎరగనంటారు?"

ఆమె వైపు చూపిన వేలు ఆయన దించేశాడు.

"ఆ ఎర్రగుడ్డే తెండి. తుప్పు నీళ్ళల్లో ముంచితే మొత్తం నల్లబడుతుంది. కూలీని పెట్టొద్దు. కూలీకి నోరుంటుంది. మీ చేతుల్తో ముంచండి. నేనిక్కడ కూర్చుని చూస్తాను."

పట్టు చొక్కా చేతులు పైకి మడిచి ముంచాడు. బరువైన తడిగుడ్డ చేతిలోంచి జారినప్పుడల్లా, "పిండండి దొరగారూ, ఇంకా పిండండి. రాళ్ళకన్నా తేలికే కదా" అంది.

సంతాప పూజనాడు రాజు పేరిట పెట్టిన ఖాళీ శవపేటిక ముందు జెండా దొర రాజుగారి జెండా పట్టుకుని నిలబడ్డాడు. తెల్లటి కర్ర మీద మణికట్లు దాటి నల్లబడ్డ రెండు చేతులు. జెండా పట్టుకునేవాడికి శాలువా ఉండదు. ముందు వరుస చూసింది, వెనక వరుస చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

చివరి బల్ల మీద బెర్నబేలా తన శాలువా తీసి ఒళ్ళో పెట్టుకుంది. రెండు చేతులూ పైకెత్తి, తొరీబియో పేరు చెప్పుకుని, దణ్ణం పెట్టింది.