ఎస్తేరమ్మ రాసిచ్చిన నాలుగు వరుసలు

ఈ పొద్దున పళ్లు తోముకుంటుంటే మా వీధిలోకి, మా మాటలో గేరిలోకి, ప్రచారం ఆటో వచ్చింది. మళ్లీ మున్సిపల్ ఎన్నికలట. ఆటోలో డ్రైవరు తప్ప మనిషి లేడు. పెన్‌డ్రైవులోంచి ఎవరిదో నున్నటి గొంతు, వెనక డప్పులు, మధ్యమధ్య అభ్యర్థి పేరు. ఆ గొంతు మా ఊరిది కాదు, మా గేరి పేరు కూడా సరిగ్గా పలకలేకపోతోంది. అయినా మైకు గరగర చెవిలో పడగానే నోట్లో నురుగుతోనే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను. ముప్పై ఏళ్లు ఆ పనే చేసినవాణ్ణి. కర్నూలుకూ కడపకూ మధ్య, నాపబండలు కోసి నునుపు చేసే ఫ్యాక్టరీల దుమ్ముతో ఇళ్ల మిద్దెలన్నీ తెల్లబడిన మా చిన్న ఊళ్లో నన్ను మైకు ఓబులేసు అంటారు. నా గొంతు ఓర్వకల్లు రాళ్లగుట్టలకు తగిలి తిరిగొచ్చేదని మనవళ్లకు చెబుతుంటాను. నిజానికి ఎదురుగాలి వీస్తే బస్టాండు కూడా దాటేది కాదు. ఇంకో మాట కూడా చెబుతుంటాను, ఎస్తేరమ్మను మున్సిపల్ చైర్మన్ చేసింది నేనేనని. అదీ అబద్ధమే. ఎక్కించింది నేను కాదు. దించింది మాత్రం నేనే. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఎస్తేరమ్మను చూడని వాళ్ల కోసం చెబుతున్నాను. పొట్టి మనిషి. నడిస్తే చెప్పుల చప్పుడు ముందొచ్చేది, ఆమె తర్వాత వచ్చేది. సర్కారు నర్సుగా చుట్టుపక్కల పల్లెలన్నీ కాలినడకన తిరిగింది. భర్త తొందరగా పోయాడు, పిల్లలు లేరు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునేది. పాటలో అందరికంటే ఒక అడుగు వెనకుండేదని పాస్టరుగారే నవ్వేవారు. నాకు ఆమెతో తొలి పరిచయం పోలియో చుక్కల రోజున. తల్లులను బడి దగ్గరికి రప్పించమని నన్ను పిలిపించింది. ఊరికే చుక్కలు వేస్తారు రండి అంటే నా గొంతుకేం గౌరవం? ఢిల్లీ నుంచి పెద్ద డాక్టర్లు దిగారు, ఈ ఒక్క పొద్దే ఉంటారు అని గేరి గేరికీ చెప్పాను. చంటిపిల్లలతోబాటు మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు వచ్చారు, చెవుడు వచ్చిన తాతలు వచ్చారు, ఒకాయన కుంటి ఎద్దును తోలుకొచ్చాడు. చూస్తే బడి వరండాలో ఐసు డబ్బా, దాని పక్కన ఎస్తేరమ్మ. అంతే. ఎద్దు సంగతి నేను కలిపింది, ఎద్దేమీ రాలేదు. ముసలమ్మలు మాత్రం వచ్చారు. వాళ్లు నా వంశాన్నంతా పేరుపేరునా తిట్టింది కూడా నిజం.

ఎస్తేరమ్మ తిట్టలేదు. చుక్కలు వేస్తూనే తలెత్తి, "ఏమప్పా ఓబులేసూ, నా మొకం సూస్తే ఢిల్లీ మాదిరి ఉండాదా?" అని అడిగింది. వరండా అంతా నవ్వింది. తర్వాత, పిలుచుకొచ్చినోడివి నువ్వే కాబట్టి ఇండ్ల కాడ దిగబెట్టేదీ నువ్వే అని తేల్చేసింది. సాయంత్రం దాకా ముసలమ్మలను మైకు ఆటోలో ఎక్కించుకుని ఇళ్లకు చేర్చాను. ఒకామె దారి పొడుగునా నా వీపు మీద చేతికర్రతో పొడుస్తూనే ఉంది. ఆ రోజు నుంచి ఎస్తేరమ్మ నాకు చెప్పడానికి ఏది ఇచ్చినా ముందు నన్ను వెంటబెట్టుకుపోయి దాన్ని చూపించేది. క్షయ మందులు వచ్చాయని చెప్పాలంటే మందుల పెట్టె తెరిచి చూపించేది. చూడనిది చెప్పొద్దు. ఆమె నాకు నేర్పింది ఇంతే. పెద్దగా చదువుకోని నాకు అది బడి మాదిరి. కానీ పరీక్ష రోజున నేను ఏం రాశానో చెప్పడానికే ఇదంతా.

ఒక విడత మా ఊరి చైర్మన్ పదవి మహిళలకు రిజర్వు అయింది. ఊళ్లో పార్టీని నడిపించే ఒకాయన ఉండేవాడు, అందరూ పెద్దాయన అనేవాళ్లు. రిటైరైన నర్సు, వెనక మొగుడు లేడు, కొడుకు లేడు, చూపించిన చోట సంతకం పెడుతుంది అని ఆయన ఎస్తేరమ్మను ఎంచుకున్నాడు. మొదటి మీటింగులోనే ఆయన మనిషి ఒకడు ఆమె పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఆమె కళ్లజోడు సరిచేసుకుని, కౌన్సిలర్లు కానివాళ్లు బయట బెంచీ మీద కూర్చోవాలని, పేరు పిలిచినప్పుడు రావాలని చెప్పింది, ఆస్పత్రిలో రోగులకు చెప్పినట్టు. నేను కిటికీ దగ్గర నిలబడి నా చెవులతో విన్నానని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. నేను అక్కడ లేను. అటెండరు చెబితే విన్నాను.

ఐదేళ్లలో ఆమె చేసింది తక్కువే. వంక మీద చిన్న కల్వర్టు, మూడు గేరులకు దీపాలు, ఆడపిల్లల బడి మరుగుదొడ్లకు తలుపులు. జరగకుండా ఆపింది మాత్రం ఒకటుంది. బండల ఫ్యాక్టరీల్లో కోత యంత్రాల కిందినుంచి తెల్లబురద వస్తుంది. దాన్ని లారీలకెత్తి ఊరవతల గుంతల్లో పోయాలి. అంత దూరం ఎందుకు, వంకలోకి వదిలేస్తామని పెద్దాయన అండతో యజమానులు ఫైలు పెట్టారు. వంక ఒడ్డునే మా వార్డు. మా బోర్లకు నీళ్లు ఊరేది ఆ వంక నుంచే. ఎస్తేరమ్మ ఆ ఫైలును మూడుసార్లు వెనక్కి పంపింది. దాంతో రెండోసారి ఎన్నికలొచ్చినప్పుడు పార్టీ ఆమెకు టికెట్ ఇవ్వలేదు. ఆమె మా వార్డులోనే స్వతంత్రంగా నిలబడింది. చైర్మన్ కావాలంటే ముందు వార్డులో గెలవాలి, తర్వాత కౌన్సిలర్లు చెయ్యెత్తాలి. పెద్దాయన మీద మండిపడుతున్న వాళ్లు, నువ్వు వార్డు గెలిచి రా అక్కా, మా చేతులు నీకే ఎత్తుతాం అని కబురు పెట్టారు. ఆమె ఓడితే ఆ ఫైలు మీద సంతకం పడుతుంది. ఇది వార్డులో ప్రతి ఇంటికీ తెలుసు.

మైకులో ఏం చెప్పాలో ఆమె కాగితం మీద రాసింది. నేను దాన్ని జేబులో పెట్టుకోబోతుంటే, "యాడికి? సూడాల్సినవి ఉండాయి, రా" అని లేచింది. కల్వర్టు చూశాం. దీపాల స్తంభాలు ఒక్కొక్కటీ చూశాం. బడికి పోయి తలుపులు చూశాం. ఆరు తలుపుల్లో ఒకదానికి బందు ఊడి గోడకు ఆనించి ఉంది. ఆమె కాగితంలో ఆరు కొట్టేసి ఐదు అని రాసింది. నేను బతిమాలాను. అక్కా, ఓట్ల కాలంలో ఎవరైనా ఆరును అరవై చేస్తారు గానీ ఐదు చేస్తారా అన్నాను. "ఆ ఆరోది ఏ పిల్లకు అడ్డమయితాది సెప్పు?" అంది. చేసేది లేక ఐదు తలుపులని మైకులో చెప్పాను. మొదట జనం నవ్వారు. తర్వాత చిత్రం జరిగింది. ఐదు తలుపుల అక్క అని ఆమెకు పేరొచ్చింది. బొరుగులమ్మే మాబున్ని అయితే గంప దించిన చోటల్లా, ఆయమ్మ లేని తలుపు ఉందని చెప్పలేదు చూడండి అని నాకంటే ఎక్కువ ప్రచారం చేసింది. గాలి మావైపు తిరిగిందని పెద్దాయన మనుషులకే అర్థమైపోయింది.

ప్రచారానికి ఆఖరి సాయంత్రం. ఐదింటికి మైకులు ఆపాలి. నేను వంక గేరిలో ఉన్నాను. వార్డుకు చివరన, వంకకు ఆనుకుని ఉన్న ఇళ్లవి. ఎదుటివాళ్ల ఆటో అప్పుడే పోయింది, పట్టాలు, పింఛన్లు, పెళ్లికి సాయం అని పాటలో కలిపి పంచుతూ. నా వెనక నలుగురు కుర్రాళ్లు పడ్డారు. "ఏం మామా, మీ అక్క కాడ తలుపులు తప్ప ఇంగేం ల్యావా?" అన్నాడొకడు. అరుగుల మీది ఆడవాళ్లు కూడా నవ్వారు. ముప్పై ఏళ్ల గొంతు నాది. ఆ నవ్వు ఆగాలి, అంతే. ఇంకేమీ ఆలోచించలేదు. మైకు పెదాలకు ఆనించి, ఎస్తేరమ్మ గెలిచిన నెలలోనే వంక గేరిలో ఇంటింటికీ కొళాయి, మంజూరు కాగితం వచ్చేసింది, ఆ కాగితం మా అక్క ఇంట్లోనే ఉంది అన్నాను. నవ్వు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఒకామె కడుగుతున్న బిందెను అట్లాగే పట్టుకుని బయటికొచ్చింది. నా బతుకులో అంత నిశ్శబ్దంగా నన్నెవరూ వినలేదు. ఆ మాటను ఇంకో రెండుసార్లు చెప్పాను. తర్వాత కానిస్టేబుల్ వచ్చి టైమైంది ఆపమన్నాడు.

ఎస్తేరమ్మ ఇంట్లో వైర్లు చుట్టుకుంటుంటే మాబున్ని వచ్చింది. కొళాయి కాగితం చూసి రమ్మని గేరోళ్లు పంపారంది. ఏం కాగితమని ఎస్తేరమ్మ అడిగి, నా వైపు చూసింది. వాళ్లు విన్నది వేరే ఆటో మాటేమో అక్కా అన్నాను, వైరు మీది నుంచి తలెత్తకుండానే. ఆమె మాబున్ని చేయి పట్టుకుంది. "అట్లాంటి కాగితం ల్యాదు మా. నేను ఆపీసులో అడగనన్నా అడగల్యా," అంది.

మాబున్నికి కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. మెల్లగా అడిగింది: "మరి ఆ ఐదు తలుపులన్నా ఉండాయా అక్కా?"

మాబున్ని వెళ్లిపోయాక, గేరిలోకి పోయి నాలుగు మాటలు చెప్పి రా అక్కా అని నేను ఎస్తేరమ్మను వేడుకున్నాను. ఆమె గోడ గడియారం చూసింది. ఐదు దాటింది, ఇప్పుడు పోతే ప్రచారం చేసినట్టవుతుంది అంది. పెద్దాయన మనుషులు ఆ వేళకే గేరుల్లో తిరుగుతున్నారు. ఆమె మాత్రం గడప దాటలేదు.

రెండు చేతుల వేళ్లకు సరిపోయే ఓట్లతో ఓడిపోయింది. మందు పోసి గెలిచారని ఊరంతా తిరిగి చెప్పాను. పోసిన మాట నిజమే. కానీ అన్ని గేరుల్లోనూ పోశారు, అక్కడంతా ఆమే ముందుంది. వంక గేరి వాళ్లు ఓటేసే పోలింగ్ బూత్‌లోనే వెనకబడిపోయింది. మరుసటి రోజు పొద్దున పోయి ఆమె ముందు నిలబడి ఒప్పుకున్నాను. ఆమె ఉగ్గానికి బొరుగులు నానబెడుతోంది. తెలుసులే, ఆ పొద్దే నీ మొకంలో కనపడింది అంది. కూర్చోబెట్టి ఉగ్గాని పెట్టింది. నేను తింటుండగా ఒక కాగితం మీద నాలుగు వరుసలు రాసి, ఈ రోజే మైకులో చెప్పి రమ్మంది.

వంక గేరి వాళ్లకు తెలియజేయడమేమనగా. కొళాయిల మంజూరు కాగితం అనేది లేదు. మైకులో చెప్పింది తప్పు. ఎవరూ దాని కోసం ఆఫీసు చుట్టూ తిరగవద్దు.

ఎలక్షన్లు అయిపోయినాయి గదక్కా, ఇప్పుడెందుకు అన్నాను. "ఆడోళ్లు పనులిడిసి ఆపీసుకు పోతారప్పా, ల్యాని కాగితం కోసరం," అంది. చెప్పింది తప్పు అని రాసింది గానీ, చెప్పినవాడి పేరు రాయలేదు. అది అప్పుడే గమనించాను.

ఆ నాలుగు వరుసలూ వార్డంతా చెప్పి వచ్చానని, జనం చప్పట్లు కొట్టారని నేను చాలామందికి చెప్పాను. చెప్పలేదు. మొదటి మలుపులోనే గెలిచినవాళ్ల ఊరేగింపు ఎదురైంది. రంగులు, టపాకాయలు. నన్ను ఎగతాళి చేసిన కుర్రాడే ఆటోకు అడ్డం నిలబడి, మామా, మా అన్న పేరు ఒకసారి నీ గొంతుతో చెప్పు అన్నాడు. చుట్టూ అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పాను. బాగా చెప్పాను. మూడుసార్లు చెప్పాను. తర్వాత మైకు కట్టేసి, వేరే దారిన ఇంటికి పోయాను.

ఎస్తేరమ్మ నన్ను ఎప్పుడూ అడగలేదు. కనిపిస్తే బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని మాత్రం అడిగేది. కొత్త చైర్మన్ ఫైలు మీద సంతకం పెట్టాడు. వంకలో తెల్లబురద పారి, ఎండి, బండలా గట్టిపడింది. మా బోర్లు ఒక్కొక్కటే సున్నం నీళ్లు పోసి ఎండిపోయాయి. ఇప్పుడు వంక గేరి ఆడవాళ్లు ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టి పొద్దంతా కూర్చుంటారు. ఇదంతా కళ్లతో చూశాకే ఎస్తేరమ్మ చనిపోయింది. చర్చి వెనక మట్టి చేశాం. అక్కడ మాబున్ని నా పక్కకు వచ్చి నిలబడింది.

"ఓడిపోయిన మర్నాడు అక్క బయట బండ మీద కూర్చున్యాది. ఎండగా ఉండాది, లోపలికి రా అంటే, ఉండుమా, మైకొస్తాది అన్యాది. నీ గొంతు ఇనపడతానే వచ్చినాడు అని లేసి నిలబడింది." మాబున్ని కొంగుతో మొహం తుడుచుకుంది. "అంతా ఇని, లోపలికి పాయ."

ఆ నాలుగు వరుసలూ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఎవరూ లేనప్పుడు పలికి చూసుకుంటాను, ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు ఎత్తాలో. పోయిన వారం బస్టాండు కాడ టీ అంగట్లో ఎన్నికల మాటలు సాగుతున్నాయి. అందరూ దొంగలేనని ఒకడన్నాడు. "ఆ యెస్తేరమ్మ మటుకు తక్కువదా? కొళాయి కాగితం ఒచ్చిందని మోసం జేయల్యా?" అన్నాడు ఇంకొకడు. కూర్చున్న వాళ్లందరూ తలలూపారు. ఆ బెంచీ మీద అసలు సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు తెరిచాను కూడా. తెరిచి, ఇంకో టీ తెమ్మన్నాను.